అతుకు ఆరే వరకు

ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. ముందుగదిలో నాలుగడుగుల అద్దాల చేపల తొట్టి ఉన్నది. దాని క్రింది కొయ్య అలమారు తలుపులు బార్లా తెరచి ఉన్నవి. అలమారులో మరొక చిన్న తొట్టి, అందులో ఒక పంపు. పై తొట్టి నుండి పొర్లిన నీరు క్రింది తొట్టిలో వడగట్టబడి, పంపు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. ఆ నీటిని పైకి మోసే తెల్లని ప్లాస్టిక్ పైపుకు ఉదయం ఒక మలుపు వద్ద చీలిక వచ్చింది. మేస్త్రీ వచ్చి, చెడిన ముక్కను కోసివేసి, క్రొత్త ఎల్బో అమర్చి, గమ్ము రాసి బిగించాడు. ఇప్పుడు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఇక స్విచ్చి వేయవచ్చునా, మేస్త్రీ?" అని అడిగాడు ఇంటి యజమాని.

"వద్దండీ. రేపు ఈ వేళకు వేయండి."

"రేపటి దాకానా? అంతసేపు నీళ్లు తిరగకపోతే చేపలు బతుకుతాయా?"

మేస్త్రీ ఒక క్షణం తొట్టి వంక చూశాడు. "చేపల సంగతి నాకు తెలియదండీ. అతుకు సంగతి మాత్రమే చెబుతున్నాను" అన్నాడు.

ఇది ఏ నగరంలోనైనా, ఏ ఇంటిలోనైనా జరగదగిన సంభాషణ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. అతుకు ఆరడానికి కాలం కావాలి. చేపలకు ఆ కాలం లేదు. ఈ రెండింటి నడుమ చిక్కుకొన్న గృహస్థు సాధారణంగా గంటసేపు ఓపిక పట్టి, గమ్మును వ్రేలితో తాకి చూసి, "ఆరినట్లే ఉన్నది" అనుకొని స్విచ్చి వేస్తాడు. పెక్కు సందర్భాలలో ఆ రాత్రి ఏమీ జరగదు. కాని జరిగిన నాడు ఒక్క రాత్రిలో గది నేల తడిసిపోతుంది, పంపు కాలిపోతుంది, ఏళ్ల తరబడి పెంచిన చేపలు నీటిపై తేలుతాయి.

చెన్నైలోని కొళత్తూరు వంటి అలంకార చేపల పెంపక కేంద్రాల నుండి, కోల్‌కతాలోని గాలిఫ్ వీధి ఆదివారపు సంత వంటి అంగళ్ల నుండి రంగురంగుల చేపలు దేశమంతటా ఇళ్లకు చేరుతున్నవి. చిన్న గాజు గిన్నెతో మొదలైన సరదా పెద్ద తొట్టిగా, దానితోపాటు పంపుగా, పైపులుగా పెరుగుతుంది. అట్టి ఇళ్లలో ఏదో ఒకనాడు ఈ ప్రశ్న తలెత్తక మానదు. గమ్ము ఆరే వరకు ఎందుకు ఆగవలెను? ఆగినంతసేపు చేపలను ఎట్లా కాపాడుకోవలెను?

అది అంటించే పదార్థం కాదు

మనం వాడుకలో "గమ్ము" అనీ "సొల్యూషన్" అనీ పిలిచే ఈ పదార్థానికి అసలు పేరు సాల్వెంట్ సిమెంటు. కాగితానికి రాసే జిగురుకూ దీనికీ పోలిక తక్కువ. జిగురు రెండు వస్తువుల మధ్య మూడవ వస్తువుగా నిలిచి, రెండింటినీ పట్టుకొంటుంది. సాల్వెంట్ సిమెంటు పైపు యొక్క పైపొరనే కరిగిస్తుంది. పైపు బయటి గోడ, ఎల్బో లోపలి గోడ మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తరువాత ద్రావకం ఆవిరైపోగా మిగిలేది ఒకే ప్లాస్టిక్. కమ్మరి రెండు ఇనుప ముక్కలను కాల్చి, సుత్తితో కొట్టి ఏకం చేసినట్లే, ఇక్కడ నిప్పుకు బదులు ద్రావకం ఆ పని చేస్తుంది.

పాలీవినైల్ క్లోరైడ్ అనే ఈ ప్లాస్టిక్ చరిత్రలో ఒక చిత్రం ఉన్నది. 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ విక్టర్ రెన్యో, 1872లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యూజెన్ బౌమన్ దీనిని ప్రయోగశాలలో గమనించారు. గట్టిగా, పెళుసుగా ఉన్న ఆ తెల్లని పదార్థం ఎందుకు ఉపయోగపడుతుందో చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1926లో అమెరికాలోని బి. ఎఫ్. గుడ్రిచ్ సంస్థలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అంటించే జిగురు కొరకు వెదకుతూ, దీనిని అధిక ఉష్ణోగ్రత వద్ద మరిగే ద్రావకాలలో వేడి చేశాడు. జిగురు దొరకలేదు గాని, మెత్తగా వంగే ఒక క్రొత్త ప్లాస్టిక్ దొరికింది. జిగురు కొరకు సాగిన వెదకులాటలో ప్రాచుర్యంలోకి వచ్చిన పదార్థానికి, నేడు అతుకు పెట్టే వేళ మరల ద్రావకమే ఆధారమైనది.

చేపల తొట్టికి ఈ పైపులే తగినవి. రాగి పైపుల నుండి నీటిలోకి దిగే రాగి చేపలకు హాని చేస్తుంది. రొయ్యలకూ నత్తలకూ అది మరింత ప్రమాదకరం. జస్తా పూత వేసిన ఇనుప పైపుల నుండి జస్తా దిగుతుంది. ఉప్పునీరు ఇనుమును తినివేస్తుంది. ప్లాస్టిక్ పైపుకు ఈ బాధలు లేవు. దానికి ఉన్న ఒకే ఒక బలహీన ఘడియ అతుకు పెట్టిన తరువాతి కొన్ని గంటలు.

బయట ఆరినది, లోపల ఆరనిది

సాల్వెంట్ సిమెంటులో ఒకే ద్రావకం ఉండదు. సామాన్యంగా టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్, ఎసిటోన్ అనే నాలుగింటిలో కొన్ని ఉంటాయి. ఎసిటోన్ 56 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్ 66 డిగ్రీల వద్ద, మిథైల్ ఇథైల్ కీటోన్ సుమారు 80 డిగ్రీల వద్ద మరుగుతాయి. సైక్లోహెక్సనోన్ మాత్రం 155 డిగ్రీలు దాటితే గాని మరగదు. తేలికగా మరిగేవి త్వరగా ఎగిరిపోతాయి. బరువైనది చివరి వరకు ప్లాస్టిక్ పొరలలో తిష్ఠ వేసి, మెల్లగా బయటికి వస్తుంది.

వ్రేలితో తాకి చూసే పరీక్ష మోసం చేసేది ఇందువల్లనే. అతుకు అంచున ఉబికిన గమ్ము గాలి తగిలి నిమిషాలలో గట్టిపడుతుంది. లోపల ఎల్బోకూ పైపుకూ నడుమ ఉన్న పొరకు గాలి తగలదు. అక్కడి ద్రావకం ప్లాస్టిక్ గోడల గుండా ప్రయాణం చేసి బయటపడవలెను. కుండ పైన చల్లబడినా లోపలి అన్నం వేడిగా ఉన్నట్లే, పైకి ఆరిన అతుకు లోపల పచ్చిగా ఉండవచ్చును.

ఈ ఆరడంలో మూడు ఘట్టాలు ఉన్నవి. మొదటిది పట్టు. పైపును ఎల్బోలోకి దూర్చిన తరువాత అరనిమిషం పాటు గట్టిగా పట్టుకొని ఉంటే, అది వెనుకకు జారకుండా నిలుస్తుంది. చిన్న పైపులలో కొద్ది నిమిషాలకు ఆ పట్టు కదిలించినా చెదరని స్థితికి వస్తుంది. రెండవది బలం. నీటి ఒత్తిడిని భరించే బలం గంటల మీద వస్తుంది. మూడవది శుద్ధి. మిగిలిన ద్రావకం వెళ్లిపోయి, నీటిలోకి దిగడానికి ఏమీ లేని స్థితి ఇది. నీళ్ల ట్యాంకుకు పైపు వేసే మేస్త్రీకి మొదటి రెండు ఘట్టాలు ముఖ్యం. చేపలను పెంచేవారికి మూడవది కూడా అంతే ముఖ్యం.

ఎంతసేపు ఆగవలెనన్నది పైపు లావు, వాతావరణపు వేడి, గాలిలోని తేమ, అతుకు ఎంత బిగువుగా కూర్చున్నదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. డబ్బాపై తయారీదారులు ముద్రించిన పట్టికయే ఇందుకు ప్రమాణం. లావైన పైపుకు ఎక్కువ సమయం కావాలి. చలికాలంలో సమయం పెరుగుతుంది. తేమ ఎక్కువగా ఉన్న వాతావరణంలో పట్టికలోని సమయానికి మరొక సగం కలుపుకొమ్మని సామాన్యంగా సూచిస్తారు. వర్షాకాలపు విశాఖపట్నంలోనూ, ముంబయిలోనూ ఈ సూచనను మరువరాదు. ఇళ్లలోని చేపల తొట్టులకు వాడే అంగుళం, అంగుళమున్నర పైపులకు ఒక పూర్తి రోజు, అనగా ఇరవై నాలుగు గంటలు, అనుభవజ్ఞులు పాటించే నియమం. పట్టిక అంతకు తక్కువ చెప్పినా వారు తగ్గించరు. అది పైన చెప్పిన మూడవ ఘట్టం కొరకు.

తొందరపడితే

"నా పంపు నీటిని ఎత్తేది ఒకటిన్నర మీటరే గదా, ఆ మాత్రం ఒత్తిడికి అతుకు ఊడుతుందా?" అని కొందరు వాదిస్తారు. లెక్క సరియైనదే. ఒకటిన్నర మీటరు ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుపై కలిగించే ఒత్తిడి 0.15 కిలోలు మాత్రమే. అంగడిలో దొరికే పైపులు 4, 6, 10 కిలోల ఒత్తిడికి తయారైనవి. కాని పచ్చి అతుకుకు శత్రువు ఒత్తిడి ఒక్కటే కాదు. పంపు తిరిగేటప్పుడు పైపు సన్నగా కంపిస్తుంది. నీరు నిండిన పైపు బరువెక్కి క్రిందికి లాగుతుంది. వాల్వు తిప్పే చేయి పైపును మెలిపెడుతుంది. మెత్తని ప్లాస్టిక్‌లో వెంట్రుక వాసి సందు ఏర్పడితే నీరు ఆ దారినే వెదకుకొంటుంది. ఒకసారి దారి పడిన తరువాత పైన ఎంత గమ్ము పూసినా లాభం లేదు. ఆ అతుకును కోసివేసి క్రొత్తది పెట్టవలసిందే.

ఆ సందు అర్ధరాత్రి పెద్దదైతే ఏమవుతుంది? గంటకు వేయి లీటర్లు తోడే పంపు, క్రింది తొట్టిలోని నలభై లీటర్ల నీటిని రెండున్నర నిమిషాలలోపే నేలపై పోయగలదు. ఆ తరువాత పంపు నీరు లేకుండా తిరిగి వేడెక్కుతుంది. పై తొట్టిలోకి వెళ్లే పైపు మూతి నీటిలో మునిగి ఉంటే, పంపు ఆగిన వెంటనే పై తొట్టి నీరు కూడా అదే దారిన వెనుకకు దిగుతుంది. పైపు మూతికి గాలి అందేదాకా ఆ ధార ఆగదు.

రెండవ నష్టం కంటికి కనిపించదు. ఆరని అతుకు మీదుగా పారిన నీటిలో ద్రావకాలు కరుగుతాయి. నదిలోనో చెరువులోనో ఆ కొద్ది పాలు లెక్కలోనిది కాకపోవచ్చును. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల తొట్టిలో పట్టేది సుమారు 250 లీటర్లు. ఆ నీరే రేయింబవళ్లు అదే అతుకుల మీదుగా తిరుగుతూ ఉంటుంది. అంతేగాక, ఎసిటోన్ వంటి ద్రావకాలను నీటిలోని సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకొంటాయి. అట్లా తినే వేళ అవి నీటిలోని ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. ఆ లోటు చేపల ఊపిరిపై పడుతుంది.

తొట్టిలోని గడియారం

ఇక చేపల వైపు న్యాయం చూడవలెను. నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు చాలా స్వల్పం. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో అది 9 మిల్లీగ్రాముల వరకు ఉండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములకు తగ్గుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. వేడి పెరిగిన కొలది నీటిలో వాయువు తగ్గుతుంది, చేపకు దాని అవసరం హెచ్చుతుంది. మన దేశపు వేసవిలో ఈ రెండూ ఒకేసారి సంభవిస్తాయి. కొర్రమీను, గౌరామి వంటి చేపలు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. తక్కిన చేపలలో అధికభాగానికి ఆ సౌకర్యం లేదు. పంపు ఆగితే నీటి పైతలం కదలదు, గాలి నీటిలోకి చేరడం మందగిస్తుంది.

చేపలకన్న ముందు బాధపడేవి మరి కొన్ని ఉన్నవి. వడపోత పెట్టెలోని స్పంజిపైనా, రాళ్లపైనా కంటికి కానరాని సూక్ష్మజీవులు నివసిస్తాయి. చేపల మలమూత్రాల నుండి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగానూ, దానిని మరల నైట్రేటుగానూ మార్చేవి అవే. అమ్మోనియా, నైట్రైటు చేపలకు విషాలు. నైట్రేటు వాటితో పోలిస్తే సాధువు. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ జీవుల పనిని వెలుగులోనికి తెచ్చాడు. అమ్మోనియాను నైట్రేటు వరకు ఒంటరిగా మార్చగల జీవి కూడా ఉన్నదని 2015లో వెల్లడైనది. అట్టి జీవులు దొరికిన చోట్లలో ఒకటి, చేపల పెంపక కేంద్రంలో నీటిని శుద్ధి చేసే వడపోత.

ఈ జీవులకు ప్రవహించే నీరు, దానితో వచ్చే ప్రాణవాయువు అత్యవసరం. మూత బిగించిన వడపోత పెట్టెలో నీరు నిలిచిపోతే, లోపలి ప్రాణవాయువు కొద్ది గంటలలో హరించిపోతుంది. సూక్ష్మజీవులు నశించడం మొదలవుతుంది, నీరు కుళ్లుతుంది. మరునాడు పంపు వేసిన వెంటనే ఆ కుళ్లునీరు తిన్నగా తొట్టిలోకి పోతుంది. క్రొత్త తొట్టిలో ఈ జీవులు స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఒక్క రాత్రి అశ్రద్ధ వలన పోయిన వాటిని తిరిగి సంపాదించాలన్నా నిరీక్షణ తప్పదు.

కాబట్టి గృహస్థు భయం నిరాధారమైనది కాదు. అతుకు గడియారం ఇరవై నాలుగు గంటలు చూపుతున్నది. తొట్టి గడియారం అందులో కొద్ది గంటలు మాత్రమే చూపుతున్నది. అతుకు గడియారాన్ని ముందుకు తిప్పడం ఎవరి వల్లనూ కాదు. తొట్టి గడియారాన్ని మాత్రం కొంత నిదానింపజేయవచ్చును.

కిటికీ వద్ద ఒక పనిమనిషి

ఈ పని విద్యుత్తు లేని రోజులలోనే ఒకరు చేసి చూపారు. 1846లో ఇంగ్లండులో అన్నా థిన్ అనే మహిళ టోర్కీ సముద్ర తీరం నుండి జీవమున్న పగడాలను లండన్ నగరంలోని తన ఇంటికి తెచ్చుకొన్నది. సముద్రపు నీరు నిలువ ఉంటే చెడిపోతున్నది. పంపులు లేవు. ఆమె పనిమనిషి తెరచిన కిటికీ వద్ద నిలబడి, ఆ నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి పదేపదే ధారగా పోసేది. ధారతోపాటు గాలి నీటిలో కలిసేది. పగడాలు బ్రతికినవి. ఆ తరువాత 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మొదటి చేపల మందిరం తెరచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన గ్రంథం ద్వారా "అక్వేరియం" అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

అక్వేరియం అనే మాట వ్యాప్తిలోకి రాకముందే తెలిసిన సత్యం ఇది. తొట్టికి ముఖ్యంగా కావలసినది గాలి. పైపు దానిని తెచ్చే మార్గాలలో ఒకటి మాత్రమే. ఆంధ్రప్రదేశ్ తీరంలోని రొయ్య పిల్లల హేచరీలలో కూడా నీటి పైపులు వేరు, గాలి గొట్టాలు వేరు. నీటి పంపు ఆగినా బ్లోయరు నుండి గాలి బుడగలు తొట్టులలోకి వస్తూనే ఉంటాయి. ఇంటి తొట్టికి కూడా ఇదే సూత్రం చాలును.

ముందుగా చేపలు, తరువాత పైపు

రంపం చేతబట్టక ముందే చేయవలసిన పనులు ఉన్నవి. చిన్న గాలిపంపును, గాలిరాయిని తొట్టిలో అమర్చవలెను. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే గాలిపంపును సిద్ధంగా ఉంచుకోవలెను. వడపోత స్పంజిని, రాళ్లను తొట్టి నీటితోనే నింపిన బకెట్టులో ఉంచి, అందులోనూ గాలి బుడగలు వదలవలెను. కుళాయి నీరు పోయరాదు. అందులోని క్లోరిన్ మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. ఆ రోజు చేపలకు మేత వేయరాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఒకనాటి ఉపవాసం బాధ కాదు. తినని చేప నుండి వెలువడే అమ్మోనియా కూడా తక్కువ.

అలమారులో గమ్ము వాడేటప్పుడు గాలిపంపును అక్కడ ఉంచరాదు. ఈ చిన్న విషయాన్ని పలువురు మరచిపోతారు. గాలిపంపు చుట్టూ ఉన్న గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది. మూసి ఉన్న అలమారులో ద్రావకపు ఆవిరి నిండి ఉంటే, ఆ ఆవిరియే బుడగలై చేపల వద్దకు చేరుతుంది. గాలిపంపును కిటికీ ప్రక్కకు, తొట్టి నీటి మట్టం కన్న ఎత్తుగా మార్చవలెను. ఈ ఆవిరి సులభంగా అంటుకొనేది, గాలి కన్న బరువైనది. అది నేల వెంట ప్రాకుతుంది. ఆ గదిలో అగ్గిపుల్ల, అగరువత్తి వెలిగించరాదు. తలుపులు, కిటికీలు తెరచి ఉంచవలెను.

అత్యవసరమైతే, అతుకు ఆరేలోగా పంపు నుండి తొట్టిలోకి మెత్తని గొట్టం ఒకటి వేసి, రెండు కొసలను క్లిప్పులతో బిగించవచ్చును. దానికి గమ్ము అక్కరలేదు, ఆరే సమయమూ అక్కరలేదు. నీరు ఆ గొట్టం గుండా తిరుగుతూ ఉండగా, పైపు తన పాటికి తాను ఆరుతుంది.

మంచి అతుకు

సరిగా పెట్టని అతుకు ఎన్నాళ్లు ఆరినా నిలువదు. పైపును నిటారుగా కోయవలెను. కోసిన అంచున లేచిన పొట్టును ఆకురాయితో తీసివేసి, బయటి అంచును కొద్దిగా ఏటవాలుగా అరగదీయవలెను. గమ్ము లేకుండా ఒకసారి అమర్చి చూడవలెను. మంచి ఎల్బోలో పైపు లోతులో మూడవ వంతు నుండి మూడింట రెండు వంతుల దాకా తేలికగా పోయి, అక్కడ బిగుస్తుంది. అడుగు దాకా వదులుగా జారిపోతే ఆ జత పనికిరాదు. పైపు ఏ కోణంలో నిలువవలెనో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవలెను.

పైపు, ఎల్బో పొడిగా, శుభ్రంగా ఉండవలెను. పైపుపై నిండుగా, ఎల్బో లోపల పలుచగా గమ్ము రాసి, అది తడిగా ఉండగానే దూర్చి, పావు చుట్టు త్రిప్పి, అరనిమిషం నొక్కి పట్టవలెను. ఎల్బో లోపలి భాగం క్రమంగా సన్నబడుతుంది కాబట్టి, పట్టు వదలితే పైపు దానంతట అది వెనుకకు వస్తుంది. అతుకు చుట్టూ సన్నని వరుసగా గమ్ము ఉబికి కనిపిస్తే పని సరిగా జరిగినట్లు. ఎక్కువైన గమ్మును బట్టతో తుడిచివేయవలెను. లోపల గుంటగా నిలిచిన గమ్ము గోడను మెత్తబరచి బలహీనం చేస్తుంది. వేడినీటి పైపుల గమ్ము వేరు, చన్నీటి పైపుల గమ్ము వేరు. పైపుకు తగినదే వాడవలెను. డబ్బాలో గడ్డకట్టిన గమ్మును పలుచన చేసి వాడే కన్న పారవేయడం మేలు.

ఆరే సమయంలో పైపు కొసలను, వాల్వులను తెరచి ఉంచవలెను. లోపలి ఆవిరికి అదే దారి. వాల్వు మూసి ఉంచితే ఆవిరి లోపలే చిక్కుకొని ప్లాస్టిక్‌కు హాని చేస్తుంది. ఫ్యాను గాలి తగలనీయవచ్చును. మంట చూపడం, వేడిగాలి కొట్టడం తగదు.

రెండవ పైపు

అనుభవం గల పెంపకందారులు ఈ చిక్కును మరొక విధంగా తప్పించుకొంటారు. మొదటిసారి పైపులు అమర్చేటప్పుడే పంపు వద్ద, తొట్టి వద్ద యూనియన్లు పెట్టిస్తారు. యూనియన్ అనగా రబ్బరు వలయంతో, చేతితో బిగించి విప్పదగిన జోడు. తరువాత ఏ ముక్క చెడినా, అదే కొలతకు మరొక ముక్కను బల్లపై తయారు చేసి, వరండాలో రెండు రోజులు ఆరనిచ్చి, శుభ్రంగా కడిగి, ఐదు నిమిషాలలో మార్చివేస్తారు. ఆగవలసిన కాలం ఏమాత్రం తగ్గలేదు. అది తొట్టి ప్రక్కన కాక వరండాలో గడిచింది. చేపలకు ఆ సంగతే తెలియదు.

తిరిగి పంపు వేసే ముందు కూడా క్రమం ఉన్నది. క్రొత్త పైపును తొట్టికి కలపక ముందు బకెట్టులోని మంచినీటితో కొంతసేపు నడిపి, ఆ నీటిని పారబోయవలెను. పైపు కొసను వాసన చూడవలెను. గమ్ము వాసన ఇంకా వస్తుంటే మరికొన్ని గంటలు ఆగవలెను. వడపోత పెట్టెలో నిలిచిన నీటిని తొట్టిలోకి పోనీయక పారబోయవలెను. వడపోతలో కొంత ఉత్తేజిత కర్బనం ఉంచితే మిగిలిన జాడలను అది పీల్చుకొంటుంది. పంపును పగటివేళ, మనిషి ఇంటిలో ఉండగా వేయవలెను. ప్రతి అతుకు క్రింద పొడి కాగితం ముక్క పరచితే, ఒక్క బొట్టు జారినా తెలిసిపోతుంది. మొదటి గంట దగ్గరే కూర్చొని చూడడం ఉత్తమం.

సోమవారం సాయంత్రం

ఆ ఇంటి యజమాని ఆదివారం రాత్రి స్విచ్చి వేయలేదనుకొందాము. తొట్టి మూలలో చిన్న గాలిపంపు రాత్రంతా గురగురలాడింది. వడపోత స్పంజి బకెట్టులో బుడగల మధ్య ఉన్నది. తెల్లవారుజామున కరెంటు కొంతసేపు పోయినప్పుడు, ఆ ఇంటి కుర్రవాడు స్టూలు ఎక్కి, చెంబుతో తొట్టి నీటినే తీసి, జానెడు ఎత్తు నుండి తిరిగి తొట్టిలోకి పోశాడు. అన్నా థిన్ ఎవరో వాడికి తెలియదు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవకుండా ఉంటే చాలునని మాత్రం తెలుసు.

సోమవారం సాయంత్రం మేస్త్రీ మరల వచ్చి, మెత్తని బట్టతో అతుకును తుడిచి, బకెట్టు నీటితో పైపును కడిగి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"ఇప్పుడు వేయండి."

స్విచ్చి వేయగానే పైపులో గాలి బుడగలు కొంతసేపు గలగలలాడి సద్దుమణిగినవి. ఎల్బో క్రింద పరచిన వార్తాపత్రిక ముక్క పొడిగానే ఉన్నది. గంట తరువాత కూడా పొడిగానే ఉన్నది. పిల్లవాడు చిటికెడు మేత వేశాడు. ఒక రోజంతా ఆగిన చేపలు ఒక్కసారిగా పైకి వచ్చినవి.